మల్ల చూస్తవా, ఉస్తాద్?

కేబుల్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి కూర్చుంటారు. పాత ముచ్చట్లు చెప్పమంటారు. స్తంభం మీద తేనెటీగలు లేచిన సంగతో, డిష్షులో కోతి కూర్చుంటే ఊరంతా బొమ్మ పోయిన సంగతో చెబితే పకపకా నవ్వి, చాయ్ తాగి పోతారు. వాళ్లకు కావలసింది నవ్వే. నా ఉద్యోగంలో నేను మరిచిపోలేని సంగతి మాత్రం నవ్వొచ్చేది కాదు కాబట్టి ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.

మొన్న వాళ్లలో ఒకడు ఫోను నా మొహం ముందు పెట్టి, "అంకుల్, గిప్పుడు సినిమాల మీద మాట్లాడెటోళ్లు ఎంతమందున్నరో చూడు. మీ కాలంల గిదంత యాడుండె?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఉండెరా నాయనా! మా నారాయణపేటలోనే ఉండె. మీ ఫోనులో అరిచేవాళ్లందరినీ ఒక తక్కెట్లో వేసినా ఆ ఇద్దరికీ సరిపోరు. ఆ కోపంలో ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చదివి దిగులుపడితే నా పూచీ లేదు.

తొంభైల నడిమి కాలం. అప్పటికి మా ఊళ్లో కేబుల్ వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. మా సేటు ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. తన ఇంటి మీది గదిలో నాలుగు పెట్టెలు పెట్టి, మిద్దెల మీదుగా నల్ల వైరు గుంజి, ఊరికి పరదేశపు బొమ్మలన్నీ తెచ్చాడు. నేను స్తంభాలు ఎక్కేవాణ్ని, జాయింట్లు కొట్టేవాణ్ని, వసూలుకు పోతే తిట్లు తినేవాణ్ని. వీటితోపాటు మాకు సొంత చానల్ ఒకటి ఉండేది. పగలంతా దాంట్లో పాటలూ, బట్టల దుకాణాల ప్రకటనలూ. శుక్రవారం రాత్రి మాత్రం, ఫస్ట్ షో విడిచాక, ఇద్దరు మనుషులు వచ్చి ఆ వారం ఊళ్లో పడ్డ కొత్త బొమ్మ గురించి మాట్లాడేవాళ్లు. ఆ ప్రోగ్రాముకు మేమేదో పేరు పెట్టాం గానీ ఎవ్వరూ ఆ పేరుతో పిలవలేదు. ఊరందరికీ అది "ఇద్దరి ముచ్చట".

ఒకాయన గడియారాలు బాగుచేసే ముసల్మాను పెద్దమనిషి. బజారులో మెట్ల కింద గుంటలాంటి జాగాలో ఆయన దుకాణం. నేనాయన్ని చాచా అనేవాణ్ని. రెండో ఆయన నేతగాళ్ల నూలుకు రంగులు అద్దే మనిషి, మా వాడకట్టే, నాకు కాక. కాక చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ రంగులోనే ఉండేవి. ఒక వారం నీలం, ఒక వారం పసుపు. కలర్ టీవీ ఉన్న ఇళ్ల ఆడవాళ్లు, ఈ వారం కాక చేతులు ఏ రంగో చూసి మగ్గాల మీద ఏ చీరలు పడుతున్నాయో చెప్పేవాళ్లు.

మీసాలు మొలిచినప్పటి నుంచి ఇద్దరూ కొత్త బొమ్మ పడిన మొదటి రోజు ఫస్ట్ షో పక్కపక్కన కూర్చుని చూశారు. చూసి, టాకీసు ఎదుటి హోటల్లో నిలబడి పోట్లాడుకునేవాళ్లు. ఆ పోట్లాట వినడానికి జనం సినిమాకన్నా ఎక్కువ మూగేవాళ్లు. అది చూసే మా సేటు వాళ్లను పైగదికి పిలిచాడు. గోడకు ఒక దుప్పటి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ట్యూబులైటు. ఫ్యాను తిరిగితే మైకులో గరగరమంటుందని ఆపేసేవాళ్లం. ఇద్దరూ చెమటలు కక్కుతూ మాట్లాడేవాళ్లు. నేను కెమెరా వెనకుండి నవ్వు ఆపుకోలేక చొక్కా నోట్లో కుక్కుకునేవాణ్ని.

"ఉస్తాద్, హీరో అంగీ రంగు చూసినవా?" అనేవాడు కాక.

"చూసిన భాయ్. కండ్లు గుంజినయ్."

"గసొంటి రంగు నేనద్దితే మా సావుకార్లు నన్నే గంగాళంల ముంచుతుండ్రి."

"రంగు సంగతి ఇడిసిపెట్టు. విలన్ చేతి గడియారం చూసినవా? వాడేమో పొద్దుగాల్నే బ్యాంకు దోసుకుంటడు. గడియారంల దీపాలు పెట్టె యాళ్లయింది! గాణ్ని పట్టనీకె పోలీసులెందుకు, నన్ను పిలిస్తే అయిపాయె."

చివరికి వచ్చేసరికి ఊరంతా చెవులు రిక్కించేది. కాక కుర్చీలో కొంచెం పక్కకు తిరిగి అడిగేవాడు: "మల్ల చూస్తవా, ఉస్తాద్?"

చాచా గడ్డం నిమురుకునేవాడు. బొమ్మ నచ్చితే "చూస్త" అనేవాడు. నచ్చకపోతే "ఒక్కపారి చాలు" అనేవాడు. అంతే. ఎంత పనికిమాలిన సినిమాకైనా ఆయన నోట వచ్చిన తిట్టు అదొక్కటే. ఆ మాట ఊరికి ఎంత పట్టిందంటే, పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు పోయాక ఇంట్లోవాళ్లు "మల్ల చూస్తరా, ఒక్కపారి చాలా?" అని గుసగుసలాడుకునేవాళ్లు. హోటల్లో ఉప్మా బాగుండకపోతే "ఒక్కపారి చాలు" అని లేచిపోయేవాళ్లు. టాకీసు మేనేజరైతే శుక్రవారం రాత్రి టీవీ ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడట.

కెమెరా వెనకున్నవాడికి ముందు ఒక సంగతి తెలిసింది. చాచా నా వైపు చూసేవాడు కాదు. కెమెరాకు జానెడు పక్కన, గోడను చూసి మాట్లాడేవాడు. "చాచా, జర ఇటు," అంటే నా గొంతు వినబడ్డ వైపుకు తిరిగేవాడు. మెట్లెక్కేటప్పుడు కాక చెయ్యి ఎప్పుడూ ఆయన భుజం మీదుండేది. చిన్నప్పటి దోస్తులు కదా, గట్లనే ఉంటారు అనుకున్నాను.

ఒక శుక్రవారం నేనూ వాళ్లతో ఫస్ట్ షోకు పోయి, వాళ్ల వెనక వరసలో కూర్చున్నాను. బొమ్మ మొదలయ్యింది. కాక చాచా చెవికి ఆనుకుని గుసగుసమంటూనే ఉన్నాడు. "ఇల్లు చూపెడతుండు... పెద్దిల్లు, పచ్చ తలుపులు. తల్లి బయటికొచ్చింది, ముదురాకుపచ్చ చీర. కొడుకును చూసి కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటాంది." పక్కవాళ్లు "ఏయ్, ముచ్చట్లు బంద్ చెయ్యుండ్రి" అంటే కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టేవాడు. చాచా తెర వైపే మొహం పెట్టి తల ఊపుతున్నాడు. అప్పటిదాకా మేమంతా నవ్వుకున్న ముచ్చటలో సగం కాక కళ్లతో చూసిందే.

ఇంటర్వెల్లులో కాక నన్ను గోడ చాటుకు గుంజుకుపోయాడు. "నీకు సమజైంది గదా," అన్నాడు. "ఉస్తాదు కండ్లకు నీటికాసుల రోగమంట. పట్నంల పెద్ద దవాఖానకు తోల్కపోయిన. పోయిన చూపు రాదన్నరు. చుట్టూ చీకటై, నడుమ ఇంత గొట్టమంత కనబడ్తదంట. చీకట్ల అదీ ఉండదు. పిలగా, గీ మాట నీ నోట్లకెల్లి వచ్చిందనుకో, ఉస్తాదు దుకాణం మూసుకోవాలె. కండ్లు లేనోనికి గడియారం ఎవడిస్తడు? దుకాణం లేకుంటె ఆయనా చాచీ ఏం తిని బతుకుతరు?"

"మరి పనెట్ల చేస్తుండు కాకా?"

"రేపు పోయి చూడు."

పోయి చూశాను. చాచా కంటికి గడియారాలవాళ్లు పెట్టుకునే చిన్న గొట్టం అద్దం తగిలించుకుని, నా కళ్లముందే ఒక ఆడ గడియారం విప్పాడు. వెంట్రుకంత స్ప్రింగును చిమటాతో పట్టి ఒక్క దెబ్బకు కూర్చోబెట్టాడు. ఆయనకు మిగిలిన ఆ గొట్టమంత చూపు గడియారానికి చక్కగా సరిపోయింది. సరిపోనిది టాకీసు తెరకే. అది ఎవరికి చెబితే అర్థమవుతుంది? గుడ్డితనమంటే లోకానికి ఒక్కటే రకం తెలుసు. నేను నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత నేను తరచూ వాళ్ల వెనక కూర్చునేవాణ్ని. అప్పుడే రెండో సంగతి బయటపడింది. ఒక సినిమాలో హీరో తండ్రి శవం ముందు నిలబడి, సముద్రానికి వినబడేలా ఒకటే అరుపు. కాక చాచా చెవిలో, "వాన పడుతాంది ఉస్తాద్," అన్నాడు. "సన్నటి వాన. అందరు పోయిండ్రు. గీ పిలగాడొక్కడే తడుస్తుండు."

తెర మీద ఎండ మండిపోతోంది. బయటికొచ్చాక అడిగాను, "కాకా, వాన యాడుండె?"

"ఉంటె మంచిగుండు గదా," అన్నాడు ముసిముసిగా. "గా అరుపు సినిమా చెవుల వడ్తుంటె ఉస్తాదు పానం ఉసూరుమంటుండె. పైసలు పెట్టి వచ్చినోణ్ని అట్ల పంపిస్తమా? జర మంచిగ జేసి పెట్టిన."

అప్పటి నుంచి గమనిస్తే, కాక ప్రతి సినిమాకూ కొంచెం మరమ్మత్తు చేస్తూనే ఉన్నాడు. చెడ్డ రంగు అంగీలు మార్చేవాడు. అనవసరంగా నవ్వే హాస్యగాణ్ని పక్కకు పంపేవాడు. మాటలూ పాటలూ చాచా చెవులకు ఎలాగూ వినబడతాయి కాబట్టి వాటి జోలికి పోయేవాడు కాదు. బొమ్మను మాత్రం తనకు తోచినట్టు అద్దేవాడు. చాచా వచ్చి చానల్లో ఆ వాన గురించి చెప్పి "మల్ల చూస్త" అంటే ఊరికి ఆశ్చర్యంగా ఉండేది. కొందరు అడిగేవాళ్లు కూడా. కానీ మా ఊరికొచ్చే ప్రింట్లు తెగి అతుకులు పడ్డవి. ఒక షోలో ఉన్న ముక్క ఇంకో షోలో ఉండేది కాదు. "మా షోల వాన కట్ చేసిండ్రు," అని మేనేజరును తిట్టుకుని పోయేవాళ్లు. చాచా మాట మీద అంత నమ్మకం!

చాచాకు ఈ మరమ్మత్తుల సంగతి తెలియదు. తను చూడలేని బొమ్మను దోస్తు ఉన్నదున్నట్టు చెబుతున్నాడనే అనుకున్నాడు. నాకు సంగతి తెలుసని కాక ఆయనకు చెప్పే ఉంటాడు, ఒకసారి నాతో అన్నాడు, "బేటా, ఎనుకట నేను కండ్లతోని చూసినప్పుడు సినిమాలు గింత మంచిగ లేకుండె. గిప్పుడు తీస్తున్నరు చూడు." నేను నేల చూపులు చూశాను.

ఇక ఆ శుక్రవారం సంగతి.

అప్పటికి మగ్గాల పని పాడుగా ఉంది. మా చీరల గళ్లనూ అంచునూ మిల్లు గుడ్డ మీద అచ్చు కొట్టి సంతల్లో అమ్ముతున్నారు. నేతగాళ్ల ఇళ్లల్లో చీరలు మడతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కాకకూ పని తగ్గింది. ఆ వారం ఆయన చేతులు తెల్లగా ఉన్నాయి, రంగు వెలిసి. ఆ దిగులు మీదున్నాడేమో, ఆ సినిమా చివర్లో, ఇల్లు విడిచి పోయిన పిల్ల తిరిగొచ్చి తల్లి గడప ముందు నిలబడే చోట, కాక గుసగుస నాకు వెనక్కి కూడా వినిపించింది.

"మన చీర కట్టింది ఉస్తాద్. మన ఊరి చీర! గళ్లు, ఎర్రంచు. కొంగు నెత్తి మీదికి కప్పుకొని గడప దాటుతాంది."

"సచ్? మనదేనా?"

"నేనద్దిన రంగు నేను గుర్తుపట్టనా?"

తెర మీద ఆ పిల్ల జీన్స్ ప్యాంటు, పొట్టి అంగీ వేసుకుని, నల్ల కళ్లద్దాలు తీసి ఏడుస్తోంది.

ఆ రాత్రి చానల్లో చాచా మిగతా కథ అంతా గబగబా ముగించి చీర దగ్గరికి వచ్చాడు. కాక ఆయన మోకాలు గిల్లడం నాకు కెమెరాలో కనబడింది. చాచా ఆగలేదు. "నారాయణపేట చీర, తెర మీద! గంత పెద్ద తెర నిండ మన గళ్లు. అమ్మలార, అక్కలార, మీ చేతి పని పట్నమోళ్లు చూస్తుండ్రు. ఇగ మంచి రోజులొస్తయి, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. కాక తలవంచుకుని, అడగాలి కాబట్టి అడిగాడు, "మల్ల చూస్తవా, ఉస్తాద్?"

"ఎన్నిసార్లయిన చూస్త."

తెల్లారి సాయంత్రం నేను చాచా దుకాణం ఎదుటి స్తంభం మీదున్నాను. జాయింటు ఊడి ఆ వీధికి బొమ్మ రావడం లేదు. మ్యాట్నీ విడిచింది. నేతవాడల జనమంతా, మగ్గాలాపి, ముసలీ ముతకా, చంకల్లో పిల్లలతో సహా ఆ ఆటకే పోయారు. వాళ్లు టాకీసు నుంచి నేరుగా బజారుకు రావడం పైనుంచి చూశాను. నా చేతిలో వైరు అలాగే ఉండిపోయింది.

ముందొచ్చిన నడివయసు నేతగాడు దుకాణం బల్ల మీద రెండు చేతులూ పెట్టి అడిగాడు. "చాచా, చీర యాడుంది?"

చాచా కంటి నుంచి గొట్టం అద్దం తీశాడు. "చివరికి భాయ్. గడప కాడ."

"గడప కాడ ప్యాంటేసుకున్నది. కట్ చేసిండ్రేమోనని ఆపరేటర్ను అడిగినం. ఒక్క ముక్క గూడ కట్ కాలేదన్నడు."

వెనకనుంచి ఒక అవ్వ ముందుకొచ్చింది. కోపం కాదు, ఆమె మొహంలో ఇంకేదో ఉంది. "కొడకా, నువ్వు జెప్పినవని మా కోడలు రాతిరి నిద్రవోలే. పొద్దుగాల లేసి, మడతవెట్టిన చీరలన్ని తీసి దులిపింది. ఎందుకు జెప్పినవ్ నాయినా గట్ల?"

స్తంభం మీదనుంచి నాకు చాచా మొహం బాగా కనబడింది. మొదట ఏమీ అర్థం కానట్టుంది. తర్వాత ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. చీర లేదంటే, వాన కూడా లేదు. తనకు అంత బాగా నచ్చిన ఆ సినిమాలేవీ లేవు. అదంతా జనం ముందు, కూర్చున్నచోటే తెలుసుకుంటున్నాడు. ఆ మొహం నేనిప్పటికీ మరిచిపోలేకపోతున్నాను.

అప్పుడే కాక పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. జనాన్ని తోసుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. చాచా ఆయన అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు. అటు తిరగలేదు. జనం వైపు మొహం పెట్టి, నిదానంగా అన్నాడు:

"అబద్ధం జెప్పిన. మన చీరకు జర పేరొస్తదేమోనని నేనే కల్పించి జెప్పిన. మాఫ్ చెయ్యుండ్రి."

ఎవరో "థూ" అన్నారు. ఎవరో "గింత వయసొచ్చి గిదేం పని?" అన్నారు. ఇంకొకరు, "ఇగ నీ ముచ్చట ఎవడు నమ్ముతడు," అన్నారు. అంతే. ఆ నాలుగు మాటలు పడితే అయిపోయేది. ఊరు కొన్నాళ్లు నవ్వి మరిచిపోయేది. చాచాకు ఆ లెక్క తెలుసు. కాక గుండె మాత్రం ఆ మాటలు తట్టుకోలేకపోయింది.

"ఎవడ్రా గాయన్ని అబద్ధాలకోరన్నది?" అని అరిచాడు. "పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధమాడలే నా ఉస్తాదు! ఆయనకు కండ్లు కనబడవు! సినిమా ఆయన చూడనే లే. నేను జెప్పిన, నేను! చీర నేను కట్టిచ్చిన. అనేదుంటె నన్ననుండ్రి!"

బజారులో ఎక్కడో టేపు రికార్డరులో పాట వస్తోంది, అదొక్కటే వినబడింది. ఆ అవ్వ చేత్తో నోరు మూసుకుంది.

చాచా కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. గొట్టం అద్దాన్ని అరచేతిలో తిప్పుతూ, చాలా మెల్లగా అన్నాడు. నేను అప్పటికి స్తంభం దిగి దగ్గరికొచ్చాను కాబట్టి విన్నాను.

"గిదెందుకు జెప్పినవ్ భాయ్? అబద్ధాలకోరోనిగ నేను బతికెటోణ్ని."

తను ఏం చేశాడో అప్పుడు తెలిసొచ్చింది కాకకు. నిలబడ్డచోటే కూలబడ్డాడు.

జనం మెల్లగా కదిలారు. ఒకతను మాత్రం ఉండిపోయి, సిగ్గుపడుతూ, "చాచా, నా గడియారం... ఉత్తగనే, ఊరికి పోయేదుంది. అయినకాడికి ఇయ్యి," అన్నాడు. చాచా తలూపి, అద్దం పెట్టుకుని, ఆ గడియారం తీసి, వెనక మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని విని ఇచ్చాడు. అది ఆడుతోంది, పని ఎప్పుడో అయిపోయింది. అతను దాన్ని చూడకుండానే జేబులో వేసుకుని పోయాడు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా ఊరివాళ్లు చెడ్డవాళ్లు కారు. ఒక్కరూ చాచాను మాటనలేదు. ఎదురైతే చెయ్యి పట్టి రోడ్డు దాటించారు, ఆయన వద్దన్నా. పండుగకు ఇంటికి సేమ్యాలు పంపారు. "పాపం, ఎంత మంచోడు" అన్నారు. గడియారం మాత్రం ఇంకో దుకాణానికి తీసుకుపోయారు. కోపమైతే ఎదురు తిరగవచ్చు, జాలికి ఏం చెయ్యాలి? నా కళ్లముందే దుకాణంలో గడియారాలు వేలాడే కొక్కాలన్నీ ఖాళీ అయ్యాయి.

ఉండబట్టలేక ఒకరోజు నా గడియారం తీసుకుపోయి, "ఆగి ఆగి నడుస్తుంది చాచా," అన్నాను. ఆయన మూత తీసి, అద్దంలోంచి కాసేపు చూశాడు. మూత పెట్టి నా వైపు తోశాడు.

"దీనికేం రోగం లేదు బేటా. నాకు కనబడతదా లేదా అని చూడనీకొచ్చినవా? జాలిపడనీకొచ్చినవా?"

రెండూ కాదని చెప్పాను. ఆయన నమ్మలేదు. నేను బజారు దాటేదాకా నా మొహం నాకే ఎలాగో అనిపించింది.

తర్వాతి శుక్రవారం కాక ఒక్కడే పైగదికి వచ్చాడు. చాచాను పిలవడానికి పోతే తలుపు తియ్యలేదట. కెమెరా పెట్టాను. కాక రెండు మాటలు చెప్పి, అలవాటుగా పక్క కుర్చీ వైపు తిరిగి, "ఉస్తాద్" అన్నాడు. అక్కడ ఎవరున్నారు! లేచి మెట్లు దిగిపోయాడు. ఊరంతా టీవీలో రెండు ఖాళీ కుర్చీలు చూసింది. నేను గబగబా ఒక పాటల క్యాసెట్టు పెట్టాను. ఆ మరుసటి వారం నుంచి సేటు ఆ టైములో పాటలే వెయ్యమన్నాడు. ఇద్దరి ముచ్చట ఏమైందని ఎవరూ అడగలేదు. నాకు అదింకా బాధనిపించింది.

దుకాణం మూసి చాచా, చాచీ ఆత్మకూరులో ఉన్న బిడ్డ ఇంటికి పోయారు. పోయేరోజు కాక బస్టాండుకు వచ్చి దూరంగా స్తంభం చాటున నిలబడ్డాడు. చాచాకు ఎలాగూ కనబడదు. అయినా చాటునే నిలబడ్డాడు.

కొన్నేళ్లు గడిచాయి. కాక రంగుల పని వదిలేశాడు, గంగాళాలు అమ్మేశాడు. ఆయన చేతులు మామూలు మనుషుల చేతుల్లా అయిపోయాయి. ఒకనాడు మా ఇంటికొచ్చి, "పిలగా, జర ఆత్మకూరు దాకా వస్తవా? ఒక్కణ్నే పోతె కాళ్లు ముందుకు పడ్తలేవు," అన్నాడు. ముందురోజు టాకీసుకు పోయి కొత్త బొమ్మ చూసి వచ్చాడట, చాచా ఊరు విడిచినప్పటి నుంచి అదే మొదటిసారి.

మక్తల్ మీదుగా బస్సులో పోయాం. చాచా అరుగు మీద నులక మంచంలో కూర్చుని ఉన్నాడు. గొట్టమంత చూపు కూడా పోయింది. వేళ్లు మాత్రం ఊరికే ఉండటం లేదు, కనబడని కీ ఏదో తిప్పుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. మేం దగ్గరికి పోగానే మొహం ఎత్తాడు.

"భాయ్, వచ్చినవా. రంగు వాసన లేదేంది నీ దగ్గర?"

"ఇడిసిపెట్టిన ఉస్తాద్."

కాసేపు వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడారు. తర్వాత కాక గొంతు సవరించుకుని, "కొత్త బొమ్మ చూసొచ్చిన. చెప్పాల్నా?" అన్నాడు. చాచా సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

కాక మొదలుపెట్టాడు. మొదటి సీను నుంచి చివరి సీను దాకా చెప్పాడు. నేనూ ఆ సినిమా చూసే ఉన్నాను కాబట్టి తెలుసు, ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. హీరో అంగీ ఎంత ముదనష్టపు రంగో అంత ముదనష్టపు రంగే చెప్పాడు. హాస్యగాణ్ని ఉంచాడు. చివర్లో అరుపులు ఉంచాడు. చెబుతున్నంతసేపూ నుదుటి మీద చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. చాచా కళ్లు మూసుకుని విన్నాడు. బిడ్డ చాయ్ తెచ్చి పెడితే ఇద్దరూ ముట్టుకోలేదు.

అయిపోయింది. కాక మంచం పట్టె మీద చెయ్యి పెట్టి, కొంచెం పక్కకు తిరిగి, ఎప్పటిలాగే అడిగాడు. "మల్ల చూస్తవా, ఉస్తాద్?"

చాచా గడ్డం నిమురుకున్నాడు. కాక చిన్నపిల్లవాడిలా ఆయన నోటి వైపే చూస్తున్నాడు.

"ఒక్కపారి చాలు, భాయ్," అన్నాడు చాచా.

గొంతులో కోపం లేదు. బాగా అలిసిపోయిన మనిషి గొంతు. తర్వాత ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాక లేచి చెప్పులు వెతుక్కున్నాడు. ఒక చెప్పు ఆయన కాలి పక్కనే ఉన్నా కనబడలేదు, నేను తీసి ఇచ్చాను. కొన్ని నెలలకే చాచా పోయిన కబురు వచ్చింది. మేమిద్దరం మళ్లీ ఆ ఊరికి పోలేదు.

ఆ రోజు తిరిగొచ్చే బస్సులో కాక కిటికీ పక్కన కూర్చున్నాడు. బయట వట్టి ఎండ, ఎర్రటి చెల్క భూములు, మేకల వెంట ఒక మనిషి.

"ఈపారి ఉన్నదున్నట్టు జెప్పిన గదరా," అన్నాడు కాక. "ఒక్క అంచు గూడ మార్చలే."

"జెప్పినవ్ కాకా," అన్నాను.

మక్తల్ దాటాం. బస్సు ఊరి మలుపు తిరుగుతుండగా, నాతో కాదు, కిటికీతో అన్నట్టు మళ్లీ అన్నాడు.

"ఒక్క వానన్న పెట్టాల్సుండెరా."